గాజుపలక మీద నాంచారయ్య

పన్నెండేళ్ళుగా నేను బతికే ఉన్నాను. ఇందులో నా ప్రతాపం ఏమీ లేదు. ఒక రష్యా డాక్టరమ్మ కళ్ళు, రోజువారీ మందు, మా గుమాస్తా పేరు. ఈ మూడు చక్రాల మీద నడిచింది బండి. ఆ మూడింట్లో ఒకటి ఇప్పుడు లేదు.

జబ్బు నుంచి బయటపడ్డవాళ్ళు రాసినవి నేను చాలా చదివాను. రాసినవాళ్ళందరూ మంచివాళ్ళే. నాకు ఆ సౌకర్యం లేదు. ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు మీ పేరు మీరే చెప్పుకోండి, ఇంకెవర్నీ చెప్పనివ్వకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అంత చిన్న మాటకి ఇంత పొడుగు వ్యాసమా అంటే, నేను కొట్టు మనిషిని. గ్లాసు కొనడానికి వచ్చినవాళ్ళకి బిందె చూపించకుండా పంపడం చేతకాదు.

జగ్గయ్యపేట బజార్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. అన్నయ్యా, నేనూ చూసుకుంటాం. నా పేరు సత్యనారాయణ గుప్త. సత్యాన్ని గుప్తంగా ఉంచడం నా పేరులోనే రాసి ఉందని ఇప్పుడు నవ్వుకుంటాను. కొట్లో మూడో మనిషి నాంచారయ్య. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కొన్న సామాను మీద పేర్లు కొట్టడం ఆయన పని. చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని గడప పక్కన పీట మీద కూర్చుంటే, టక్ టక్ టక్ మని చుక్కలు పడి, ఆ చుక్కలే అక్షరాలయ్యేవి. పేటలో పెళ్ళయిన ఏ ఇంట్లోనయినా పళ్ళెం తిరగేసి చూడండి, నాంచారయ్య దస్తూరీ కనపడుతుంది.

1996, ఎండాకాలం

ముందు బొజ్జ అనుకున్నాం. గల్లాపెట్టె ముందు కూర్చునేవాడికి బొజ్జ రావడం వింత కాదు. కానీ ఆ బొజ్జ ఎడం పక్కకే వచ్చింది. డొక్కలో సన్నికల్లు పెట్టుకుని తిరుగుతున్నట్టుండేది. కాళ్ళూ చేతులూ పుల్లలవుతున్నాయి, పంచె ముడి మాత్రం అందడం లేదు. రెండో ఇడ్లీకే కడుపు నిండిపోయేది.

"ఏం మరిదీ, ఎన్నో నెలా?" అని వదిన నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. నిద్రలేచేసరికి పక్కబట్ట పిండితే నీళ్ళు కారేంత చెమట పట్టినప్పుడు మాత్రం మా ఆవిడ సరోజ నవ్వలేదు. నన్ను నందిగామ తీసుకెళ్ళమని అన్నయ్యతో పోట్లాడింది.

నందిగామలో రష్యాలో చదివొచ్చిన డాక్టరుగారి నర్సింగ్ హోమ్ ఉంది. చదువుతో పాటు ఆయన అక్కణ్ణుంచి భార్యని కూడా తెచ్చుకున్నాడు. ఆవిడ పేరు వేరా. "పేరులోనే వేరు కాపరం పెట్టుకొచ్చిందమ్మా మా కోడలు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆవిడ ఆ దేశంలో పన్నెండేళ్ళు రక్తం కాన్సర్ల వార్డులో పనిచేసిన డాక్టరు. ఇక్కడి కాయితాలు ఆవిణ్ణి డాక్టరుగా ఒప్పుకోలేదు. బోర్డు మీద భర్త పేరొక్కటే ఉండేది. ఆవిడ వెనక గదిలో, తన దేశం నుంచి ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తాలు చూసేది. ఆవిడ చూసిన ప్రతి రిపోర్టు కిందా ఆయన సంతకం ఉండేది.

మొక్కజొన్న పీచు రంగు జుట్టు, నేత చీర, గాజుల్లేని చేతులు. తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆ అత్తగారు జన్మలో ఎవర్నీ మెచ్చుకుని ఎరగదు కాబట్టి డాక్టరమ్మకి తిట్ల తెలుగు తప్ప వేరే తెలుగు రాదు.

వేలి మీద సూదితో పొడిచి, గాజుపలక మీద నా నెత్తురు బొట్టు పామి, కన్ను ఆనించి చూస్తూ కూర్చుంది. ఎంతకీ లేవదు.

"అంతసేపేం చూస్తారండీ? కొనేవాళ్ళు కూడా బిందెని అంతసేపు చూడరు" అన్నాను.

"నోరు మూసుకో" అంది.

మూసుకున్నాను. చివరికి లేచి, అన్నయ్యని కాదు, నన్నే చూసి చెప్పింది. "నీ రక్తంలో కాన్సర్ ఉంది. పూర్తిగా పోగొట్టే మందు నా దగ్గర లేదు. అణిచిపెట్టే మందుంది. మూడేళ్ళు బతుకుతావు. నాలుగైతే సంతోషం."

అన్నయ్య ఎగిరిపడ్డాడు. "ఏంటండీ ఆ మాటలు! మనిషి ఎదురుగానే ఉన్నాడు, కనపళ్ళేదా?"

"ఉన్నాడనే చెప్పా. రక్తం ఇతనిది. నీది కాదు."

డాక్టరుగారు పరుగెత్తుకొచ్చి, "ఏమనుకోకండి, ఆవిడకి తెలుగు సరిగ్గా రాదు" అని సర్దబోయాడు. పాపం, నా జన్మలో అంత స్పష్టమైన తెలుగు నేను వినలేదు.

తిరుగు బస్సులో అన్నయ్య ఒక్కటే మాట అన్నాడు. "ఇది మన నలుగురికీ తెలియాలి. అయిదో మనిషికి తెలియకూడదు."

కారణం వాళ్ళ అమ్మాయి పద్మ. ఖమ్మంలో సంబంధం ఖాయమయ్యేట్టుంది. రక్తంలో జబ్బంటే వంశంలో జబ్బని ఎవరైనా అంటారు. అన్నయ్యని నేను తప్పుపట్టలేదు. చచ్చేవాడి వల్ల బతికేవాళ్ళ పెళ్ళి ఎందుకు ఆగాలి అని నేనే అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతు చాలా గొప్పగా వినిపించింది నాకు.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీతో హైదరాబాదులో ఒక కాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాం. సంచీ మోయడానికి నాంచారయ్య వచ్చాడు. పేర్లు రాసే కౌంటరు దగ్గర పెద్ద వరస. ఆ వరసలో, మాకంటే నలుగురు ముందు, మా బజారు మందుల షాపాయన బావమరిది నిలబడి ఉన్నాడు. అన్నయ్య మొహం తెల్లబోయింది. జబ్బు నాదైనా పాలిపోవడం ఆయనే మొదలుపెట్టాడు.

మా వంతొచ్చింది. "పేషెంటు పేరు?"

అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. నాకేసి కాదు, సంచీకేసి. సంచీ పట్టుకున్న మనిషికి అర్థమైంది.

"నా పేరు చెప్పండి పెద్దశెట్టిగారూ" అన్నాడు నాంచారయ్య చిన్నగా. "పేరేగా. రోజూ పాతిక కొడతా. చుక్కలు తప్ప ఏవుందండి అందులో?"

అన్నయ్య నాంచారయ్య పేరు, ఇంటిపేరు, వయసు అన్నీ చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు నోరుంది. ఆ కిటికీలోంచి అట్టముక్క బయటికొచ్చేదాకా అది తెరుచుకోలేదు. ఈ వ్యాసం మొత్తంలో నేను చేసిన పని అదొక్కటే. తక్కినదంతా దానంతటదే జరిగింది.

1997, 1998

బావమరిది మమ్మల్ని చూడనే చూశాడు, కౌంటరులో చెప్పిన పేరు విననే విన్నాడు. వారం తిరక్కుండా పేట మొత్తం తెలిసింది: శెట్టిగారి గుమాస్తా నాంచారయ్యకి బ్లడ్ కాన్సరట, పాపం శెట్టిగార్లే దగ్గరుండి చూపిస్తున్నారట.

నా సంగతి అడిగినవాళ్ళకి షుగర్ అని చెప్పాం. మర్యాదస్తుల జబ్బు. అందరూ నన్ను తీపి మానెయ్యమన్నారు. చేదు మాత్రం నాంచారయ్య మింగాడు.

టీకొట్టు వాడు ఆయనకి ప్లాస్టిక్ కప్పులో పోసేవాడు. ఆయన కూర్చున్న బల్ల మీద ఇంకొకరు కూర్చునేవాళ్ళు కారు. అంటుకునే జబ్బు కాదని తెలిసినవాళ్ళు కూడా, ఎందుకొచ్చిన గొడవలే అన్నట్టు లేచి నిలబడి తాగేవాళ్ళు. కొట్లో అంతకంటే ఘోరం జరిగింది. ఒకరోజు వత్సవాయి నుంచి పెళ్ళిసామాను కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ, పీట మీద కూర్చున్న నాంచారయ్యని చూసి గొంతు తగ్గించింది.

"శెట్టిగారూ, పేర్లు ఆయన చేత కొట్టించకండి. పిల్ల పెళ్ళి. పోయేవాడి చెయ్యి పడితే బాగుండదు."

గొంతు తగ్గించిందే గానీ, పీట నాలుగడుగుల దూరమే. ఉలి చప్పుడు ఆగింది. నాంచారయ్య తల ఎత్తలేదు. చేతిలో ఉన్న గిన్నె మీద సగం అక్షరం పూర్తి చేసి, ఉలీ సుత్తీ గుడ్డలో చుట్టి, లేచి వెనక గోడౌన్‌లోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం అన్నయ్య, "నాంచారయ్యా, కొన్నాళ్ళు నువ్వు లోపల సరుకు చూసుకోవయ్యా" అన్నాడు. "అట్టాగేనండి" అన్నాడు ఆయన. పేర్లు కొట్టడానికి కరెంటు మిషను కొన్నాం. దాని అక్షరాలు ఈగలు నడిచినట్టుండేవి.

పోయేవాడు గల్లాపెట్టె ముందే కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఇచ్చిన డబ్బు అందుకున్న చెయ్యి ఎవరిదో ఆవిడకి తెలియదు. ఆ పెళ్ళికూతురు సుఖంగా ఉందని తర్వాతెప్పుడో విన్నాను.

హైదరాబాదు రెండు మూడు నెలలకొకసారి వెళ్ళేవాళ్ళం, నేనూ నాంచారయ్యా. ఆ హాల్లో ఇనప బెంచీలు, తిరగని ఫ్యాను, తిరిగే ఫ్యాను కిందకి జరగాలని అందరూ చేసే ప్రయత్నం. "నాంచారయ్య!" అని పిలవగానే ఇద్దరం లేచేవాళ్ళం. ఆయన తన పేరు విన్నాడు కాబట్టి, నేను నా వంతు వచ్చింది కాబట్టి. ఒకసారి పక్కన కొడుకుని ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఒకావిడ బత్తాయి ఒలిచి చెరో రెండు తొనలు ఇచ్చి, "మీ ఇద్దర్లో జబ్బు ఎవరికండీ?" అని అడిగింది.

"పేరు నాదమ్మా, జబ్బు వారిది" అన్నాడు నాంచారయ్య నవ్వుతూ. వేళాకోళం అనుకుని ఆవిడ కూడా నవ్వింది. బయటివాళ్ళలో ఆ ఒక్కావిడకే మేం నిజం చెప్పాం.

కాదు, ఇంకొకరున్నారు. సరోజ పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకుంది. అర్చన చేయించేటప్పుడు పూజారి గోత్రనామాలు అడిగితే నా అసలు పేరే చెప్పానంది. "అక్కడ కూడా నాంచారయ్య పేరు చెప్తే, అమ్మవారు ఆయన్నే బాగుచేస్తే?" అంది. మా ఆవిడ మంచిది. భయం ఆవిణ్ణి అక్కడిదాకా తెచ్చింది.

నందిగామలో డాక్టరమ్మకి ఆసుపత్రి ఫైలు చూపించినప్పుడు జరిగింది చెప్పాలి. అట్ట మీద పేరు చదివి, "ఎవడీ నాంచారయ్య?" అంది. చెప్పాను. అట్ట మీద పేరు మళ్ళీ మళ్ళీ చదివింది. అంతసేపు తిట్టకుండా ఉండటం చూసి నాకు చెమట్లు పట్టాయి, ఈసారి జబ్బువి కావు.

"మా దేశంలో మేము జబ్బు పేరు మార్చేవాళ్ళం" అంది. "మీరు మనిషి పేరే మార్చారు. మీరే గొప్పవాళ్ళు."

ఆ రోజే ఆవిడ మొదటిసారి తన సంగతి చెప్పింది. వోల్గా ఒడ్డున ఒక ఊరు. తండ్రి రైలింజను నడిపేవాడు. ఆవిడ డాక్టరైన కొత్తలో అక్కడ కాన్సర్ అని రోగికి చెప్పకూడదు, అది పద్ధతి. ఇంటివాళ్ళకి చెప్పాలి. రోగి చేతికిచ్చే కాయితం మీద రక్తహీనత అని రాయాలి. అలా ఒక బడిపంతులుకి రాసిచ్చింది. ఆయన తెలివైనవాడు. రక్తహీనతకి ఇంత చేదు మందులెందుకని పారబోసి, బీట్‌రూట్ రసం తాగుతూ పిల్లలకి లెక్కలు చెప్పుకున్నాడు. ఆరు నెలల్లో పోయాడు. "నేను రాసింది ఆయన నమ్మాడు. అంతే" అంది. ఆ తర్వాత ఎవరికీ మొహం మీద అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకుందట.

ఒట్టు ఎక్కువకాలం నిలవలేదు. అక్కడి ప్రభుత్వం కూలిపోయిన చలికాలంలో వార్డుకి మందులు రావడం ఆగిపోయింది. పదకొండు మంది పిల్లలున్నారు, నలుగురికే మందుంది. జాబితా రాయమన్నారు. రాసింది. మిగతా ఏడుగురికి ఉప్పునీళ్ళ సీసాలు ఎక్కించారు, తల్లులు చూస్తూ ఉంటారు కదా, ఏదో ఒకటి ఎక్కుతూ ఉండాలి. "మందు పనిచేస్తోందా డాక్టర్ అని అడిగేవాళ్ళు. చేస్తోందని చెప్పేదాన్ని" అంది.

"ఇక్కడ నువ్వు డాక్టరువి కాదు పొమ్మన్నప్పుడు, మంచిదే అనుకున్నా" అంది, గాజుపలక గుడ్డతో తుడుస్తూ. తర్వాత మామూలు గొంతుతో, "నీ గుమాస్తాని ఒకసారి తీసుకురా. చూడాలి" అంది.

"ఆయనకేం జబ్బు లేదు కదండీ."

"అందుకే చూడాలి. ఏడుపు మొహం పెట్టకు. తీసుకురా."

అలాగేనన్నాను. తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత ప్రతిసారీ అడిగింది, ప్రతిసారీ అలాగేనన్నాను.

2000 నుంచి 2002 దాకా

పద్మ పెళ్ళి ఎప్పుడో అయిపోయింది. ఇక చెప్పేయొచ్చు అనుకున్నాం. పద్మకి కడుపు పండాక చెప్దామంది వదిన. పండింది. పిల్లాడు పుట్టాక అన్నాం. పుట్టాడు. నిజం చెప్పడానికి ముహూర్తం కుదరడం పెళ్ళి కుదరడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది.

ఈలోగా అణిచిపెట్టే మందు అణచడం మానేసింది. సన్నికల్లు రుబ్బురోలయింది. ఎముకల్లో ఎవరో పేర్లు కొడుతున్నట్టు నొప్పి. డాక్టరమ్మ ఒకరోజు పలక చూసి, "ఈ దసరా చూస్తావు. సంక్రాంతి చెప్పలేను" అంది. దసరాకి మా ఆవిడ బొబ్బట్లు చేస్తే, నాకు షుగర్ అని బయటివాళ్ళ ముందు పెట్టలేదు. అబద్ధానికి అంత నిష్ఠ.

చావు కోసం ఎదురుచూడటం గురించి గొప్పగా ఏమీ చెప్పలేను. బస్సు కోసం చూసినట్టే ఉంటుంది. వస్తే బాగుండుననీ ఉంటుంది, సీటు దొరక్కపోతే బాగుండుననీ ఉంటుంది.

అప్పుడు డాక్టరమ్మకి ఒక ఉత్తరం వచ్చింది. పాత వార్డులో కలిసి పనిచేసిన స్నేహితురాలు ఎక్కడో ఇంకో దేశంలో స్థిరపడి రాసింది: ఈ జబ్బుకి కొత్త మందొచ్చింది, చావాల్సినవాళ్ళు లేచి తిరుగుతున్నారు. డాక్టరమ్మ ఆ ఉత్తరం పట్టుకుని తనే బస్సెక్కి హైదరాబాదు వెళ్ళింది. రెండు రోజులు ఆ ఆసుపత్రిలో గది గదికీ తిరిగింది. నందిగామ వచ్చాక నాకు కబురు పెట్టింది.

మందు చాలా ఖరీదు. కానీ పేదవాళ్ళకి ఆ మందు కంపెనీవాళ్ళే ఉచితంగా ఇస్తున్నారు. తెల్లకార్డు ఉండాలి. ఫైల్లో పేరున్న మనిషి నెలనెలా మందుల కిటికీ దగ్గరికి స్వయంగా వచ్చి, కార్డు చూపించి, సంతకం పెట్టి తీసుకోవాలి.

నా ఒంట్లో అక్కర్లేనన్ని తెల్లకణాలున్నాయి, ఇంట్లో తెల్లకార్డు లేదు. నాంచారయ్యకి రక్తం ఎర్రగా ఉంది, కార్డు తెల్లగా ఉంది. ఇద్దర్నీ కలిపితే ఒక అర్హుడైన రోగి తయారవుతాడు.

"నిజం చెప్పి, నీ పేరు మీద కొనుక్కోవచ్చు" అంది డాక్టరమ్మ. "కొట్టు అమ్మాలి, ఇల్లు అమ్మాలి. అమ్ముతావా?"

అన్నయ్య నేలకేసి చూశాడు. నేను అన్నయ్యకేసి చూశాను.

"నెలనెలా నీ రక్తం నేను చూసి ఆసుపత్రికి రాయాలి. ఈ పలక మీద ఆయన పేరు నేను రాయాలి" అంది. గొంతు పెరగలేదు. "మళ్ళీ నా చేత అబద్ధం రాయిస్తున్నావు. జాబితా రాయిస్తున్నావు." పెన్ను తీసింది. "ఒక షరతు. నువ్వు నడవగలిగిన రోజున ఊళ్ళో చెప్పాలి. ఆయన్ని తెచ్చి నాకు చూపించాలి. ఒట్టు పెట్టు."

పెట్టాను. ఆవిడ గాజుపలక అంచున అంటించిన చిన్న కాయితం మీద, పసిపిల్లల తెలుగు అక్షరాలతో, నాంచారయ్య అని రాసింది.

మూడు నెలల్లో రుబ్బురోలు కరిగిపోయింది. పంచె ముడి అందింది. నాలుగు ఇడ్లీలు తిన్నాను. నడవగలిగాను. పేట బజారంతా నడిచాను, నోరు మూసుకుని. డాక్టరమ్మ ఒట్టు గుర్తుచేసినప్పుడల్లా వచ్చే నెలన్నాను.

"షుగర్ కంట్రోల్ అయినట్టుందే శెట్టిగారూ!" అన్నారు. "నాంచారయ్య కూడా గట్టివాడండోయ్, ఇన్నేళ్ళు లాగాడు" అన్నారు.

2006

నాలుగేళ్ళపాటు నెలకోసారి నాంచారయ్య తెల్లవారుజాము బస్సెక్కి వెళ్ళి, సంతకం పెట్టి, మందు తెచ్చి, నా చేతికిచ్చాడు. ఒక్క నెల తప్పలేదు. ఆయన రాకపోతే నేను లేను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పైకి ఎప్పుడూ అనుకోలేదు. ఆయన ఒక్కసారైనా కోపంగా చూసి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ ఏడు వర్షాకాలం నుంచి ఆయనకి దగ్గు. సాయంత్రం జ్వరం. చొక్కా భుజాల మీంచి జారేది.

"దగ్గు తగ్గిందా నాంచారయ్యా?" అని అడిగేవాణ్ణి.

"తగ్గుద్దిలెండి చిన్నశెట్టిగారూ."

"సిరప్ తాగు" అనేవాణ్ణి. ఆయన మీద దిగులుతోనే అడిగానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి చెప్తున్నా, నెలాఖరుకి బస్సెక్కగలడా అని అడిగాను.

వాళ్ళావిడ మంగమ్మ ఆయన్ని పేటలోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు చెయ్యి కూడా వెయ్యలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే ఆయనకీ తెలుసు. బ్లడ్ కాన్సర్ కదా, ముదిరిందమ్మా, ఇంట్లో పెట్టుకుని తిన్నది పెట్టండి అని పంపించేశాడు. ఇది నాకు తెలిసేసరికి నాంచారయ్య మంచం మీంచి లేవడం లేదు. మంగమ్మ కొట్టుకొచ్చి, గడప బయటే నిలబడి చెప్పింది.

"నీకు కాన్సరే కదయ్యా అని అడిగాడు డాక్టరు. ఈయన అవునండీ అన్నాడు. నా పక్కనే నుంచుని అవునండీ అన్నాడు!"

"కాదని చెప్పకపోయావా మంగమ్మా?"

"చెప్పబోతే చెయ్యి నొక్కాడు. కాదంటే చిన్నశెట్టిగారి మందు ఆగిపోద్దే, ఊరుకో అన్నాడు. ఊరుకున్నా. మీ ఉప్పు తిన్నందుకు అందరం ఊరుకున్నాం బాబుగారూ. ఇప్పుడేం చెయ్యమంటారు?"

నేను నందిగామ ఫోన్ చేశాను. డాక్టరమ్మ ఒక్క ప్రశ్నా అడగలేదు. గంటన్నరలో బస్సు దిగింది. ఎనిమిదేళ్ళుగా తీసుకురమ్మన్న మనిషిని ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది. మంచం పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నాంచారయ్య వీపుకి చెవి ఆనించి విన్నది. చిన్న డబ్బాలో కళ్ళె పట్టుకుంది.

"నువ్వేనా నాంచారయ్యవి?" అంది.

"నేనేనండి. మీ చేతిరాత చూశానండి చీటీల మీద. 'చా'కి దీర్ఘం కొంచెం వంకరగా రాస్తారండి" అన్నాడు, దగ్గులోంచి నవ్వి.

మర్నాడు పొద్దున ఫోన్. "టీబీ. పలక నిండా ఉంది. ఆరునెలల మందు. ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు." ఫోన్ పెట్టెయ్యలేదు. "ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తీసుకొచ్చి ఉంటే, జ్వరం రాగానే నా దగ్గరికే వచ్చేవాడు. దున్నపోతా." అత్తగారి దగ్గర నేర్చుకున్న తిట్లలో ఆ ఒక్కటే ఆవిడ సొంత గొంతుతో తిట్టింది.

మందు మొదలుపెట్టారు. తొమ్మిదో రోజున నాంచారయ్య పోయాడు.

హైదరాబాదు ఆసుపత్రిలో ఆ ఫైలు మూసేశారు. పేషెంటు మరణించాడు. ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టిన ఆ అట్ట నేను చూశాను. లోపల ఉన్నది నా రక్తం లెక్కలే. నా మందుకి ఏమైందంటారా? మన దేశంలో తయారైన మందు అప్పటికే చవగ్గా దొరుకుతోంది, ఏడాది పైనుంచీ. కొట్టు కాదు, ఒక షెల్ఫు కూడా అమ్మక్కర్లేదు. నేను కనుక్కోలేదు. ఉచితంగా వస్తుంటే ఎవరు కనుక్కుంటారు?

పెద్దకర్మ

మా వైపు పెద్దకర్మకి వచ్చినవాళ్ళకి పోయినవాళ్ళ పేరు కొట్టించి స్టీలు గ్లాసులు పంచుతారు. మంగమ్మ అరవై గ్లాసులు కావాలని కబురు పెట్టింది. కరెంటు మిషను వద్దని చెప్పమంది.

గోడౌన్‌లో గుడ్డలో చుట్టి ఉన్న ఉలీ సుత్తీ తీశాను. గడప పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నాకు ఆ పని రాదు. మొదటి గ్లాసు సొట్టపోయింది. రెండోదాని మీద 'నా' పడేసరికి పూట గడిచింది. అన్నయ్య గల్లా దగ్గర్నుంచి చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు కొట్టాను. పేరంటే చుక్కలే కదా అన్నాడాయన. ఒక్కో గ్లాసుకీ ఎన్ని చుక్కలు పడతాయో ఆయనకి తెలుసు.

భోజనాలకి ముందు, వచ్చినవాళ్ళందరూ కూర్చున్నాక, నేను లేచి చెప్పాను. జబ్బు నాది. పదేళ్ళనుంచీ నాది. నాంచారయ్యకి కాన్సర్ ఎప్పుడూ లేదు. మా పేరు నిలవడానికి ఆయన పేరు వాడుకున్నాం. ఆయన దానివల్లే పోయాడు. అన్నీ చెప్పాను, ముక్కు చీదుకుంటూ. మాటలతో బతికే కొట్టువాణ్ణి, ఒక్క చమత్కారం కూడా నోటికి రాలేదు.

ఎవరూ రాళ్ళు వెయ్యలేదు. తల ఎత్తి చూశాను. అందరి కళ్ళల్లో నీళ్ళు.

"ఎంత మనసండీ శెట్టిగారిది!" అంది ఒకావిడ. "పోయినవాడి మీద మచ్చ ఉండకూడదని తన మీదేసుకుంటున్నాడు."

"ఆయనకి షుగరేగా, మనకి తెలీదూ?" అన్నాడు మందుల షాపాయన. వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకోండి, ఇంత దుఃఖం మంచిది కాదు" అన్నాడు. "గుమాస్తాని ఇంతలా చూసుకున్నవాళ్ళు పేటలో లేరు."

మంగమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నావైపు చూసి, వెనక్కి తిరిగి, వడ్డించడానికి వెళ్ళింది.

రెండేళ్ళయింది. ఇప్పటికీ నమ్మరు. ఎంత చెబితే అంత మంచివాణ్ణయిపోతున్నాను. నోటిమాట నమ్మనివాళ్ళు అచ్చులో ఉంటే నమ్ముతారేమోనని ఇది రాస్తున్నాను.

డాక్టరమ్మ ఆ రోజు చివరి వరసలో కూర్చుని భోంచేసి, తన వంతు గ్లాసు తీసుకుంది. ఆవిడ ఇప్పటికీ నందిగామ వెనక గదిలోనే ఉంది, జుట్టు పూర్తిగా నెరిసింది, బోర్డు మీద పేరు ఇప్పటికీ లేదు. పలక మీద బొట్టు పామే ముందు ప్రతివాళ్ళనీ, "నీ పేరు నువ్వు చెప్పు. పక్కవాడు కాదు, నువ్వు" అని గద్దిస్తుందట. అత్తగారు పోయినా ఆవిడ తెలుగు మారలేదు.

ఆ రోజు బస్సెక్కేముందు, పంచిన గ్లాసుల్లోంచే ఇంకోటి నా చేతిలో పెట్టింది. "మందు దీనితో వేసుకో" అంది. "బతికినన్నాళ్ళూ."

రోజూ దానితోనే వేసుకుంటున్నాను. నీళ్ళు నింపి ఎత్తితే వేళ్ళకి చుక్కలు తగులుతాయి. నేను కొట్టినవాటిలో మొదట్లోది అది. 'చా'కి దీర్ఘం వంకరగా పోయింది. నాంచారయ్య చూస్తే ఇంకో గ్లాసు తీసుకుని మళ్ళీ కొట్టమనేవాడు.